మార్గళి చలిలో ఆకు కోతకు ఏం తొడుక్కోవాలి?



మార్గళి వచ్చేసింది. కడత్తూరు, బొమ్మిడి పక్క తెల్లారుజామున మల్బరీ తోటలోకి దిగితే మంచు మోకాళ్ల నుంచి ఛాతీ దాకా తడిపేస్తుంది. నిజానికి మన ధర్మపురి జిల్లాలో చలి మరీ ఎక్కువ కాదు. చాలా రాత్రులు 17 డిగ్రీల దగ్గర ఆగుతుంది, కొన్ని రాత్రులు ఇంకొంచెం దిగుతుంది. మరి అంత వణుకు ఎందుకు? తడి వల్ల. కదలని గాలితో పోలిస్తే నీరు మన ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. కాబట్టి ఎంత మందం బట్ట వేసుకున్నామన్నది కాదు, ఎంత పొడిగా ఉన్నామన్నది చూసుకోవాలి.

*ముందు పని వేళ చూసుకోండి*

మంచు పట్టిన ఆకు పురుగుకూ మంచిది కాదు. పడకలో తేమ పెరిగి రోగం వస్తుంది. పొద్దుటి మేతకు కావాల్సిన కొమ్మలు ముందు రోజు సాయంత్రమే కోసి, ఆకు గదిలో వదులుగా నిలబెట్టి, తడి గోనెపట్టా కప్పండి. మిగతా కోత మంచు ఆరాక, ఎండ ముదరకముందు పెట్టుకోండి. ఆకు బాగుంటుంది, మనకూ ఆ నాలుగు గంటల చలి తప్పుతుంది.

*మూడు పొరలు*

పట్టుగూడు చేత్తో విప్పి చూడండి. పైన వదులు పోగు, మధ్యలో గట్టి గుల్ల, లోపల పలుచని పొర. ఆ పొరల మధ్య నిలిచిన గాలే లోపలి ప్రాణానికి కాపు. మనకూ అదే లెక్క. ఒక్క మందపాటి స్వెట్టర్ కన్నా మూడు పలుచని పొరలు మేలు. ఒళ్లు వేడెక్కగానే ఒక్కొక్కటి తీసేయొచ్చు కూడా.

లోపల: ఒంటికి పట్టే నూలు బనియన్. చెమటకు తడిస్తే మార్చుకోవడానికి ఇంకొకటి దగ్గర ఉంచుకోండి. తడి బనియన్ మీద ఎన్ని వేసినా చలి పోదు.

మధ్యలో: స్వెట్టర్. ఉన్నిదైతే కొంచెం తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు.

పైన: మంచు ఆపేది. పాత రెయిన్‌కోటు, లేదంటే ఛాతీ నుంచి మోకాళ్ల దాకా కట్టుకునే శుభ్రమైన ప్లాస్టిక్ పట్టా. ఎరువు సంచి, మందు సంచి మాత్రం వద్దు. దానికి ఆకు తగులుతుంది, ఆ ఆకు పురుగు తింటుంది.

అక్కలు చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా వేసుకోవడం మన పక్క ఉన్నదే, మంచి పద్ధతి. కుచ్చిళ్లు కొంచెం పైకి దోపి దాని మీద పట్టా కట్టుకుంటే చీర తడవదు. చెవులకు కుల్లా గానీ, తువాలు గానీ బిగించి కట్టండి. శాలువ కొసలు వేలాడితే కొడవలికి, ఆకు కత్తిరించే మిషన్‌కు చిక్కుకుంటాయి. చేతులకు పలుచని రబ్బరు పూత గ్లౌజులు చాలు. కొంకర్లు పోయిన వేళ్లకు కొడవలి ఎక్కడ తగిలిందో కూడా వెంటనే తెలియదు.

*షెడ్డు గడప దగ్గర ఆగండి*

షెడ్డులో చాకీ పురుగుకు 26–28 డిగ్రీలు, పెద్ద పురుగుకు 23–25 డిగ్రీలు ఉంచుతాం. బయట వేసుకున్నవాటితోనే లోపలికి పోతే చెమట పడుతుంది, మళ్లీ బయటికి రాగానే ఆ తడికే చలి పట్టుకుంటుంది. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి. చొక్కా రోజూ ఉతుకుతాం, స్వెట్టర్ చలికాలం మొత్తానికి ఒకటి రెండుసార్లే. కూలికి వచ్చేవాళ్లు అదే స్వెట్టర్‌తో నాలుగు షెడ్లు తిరుగుతారు. పాలరోగం, పెబ్రిన్ లాంటివి దుమ్ముతో పాటు బట్టలు పట్టుకుని వస్తాయి. అందుకే స్వెట్టర్, కుల్లా గడప బయటే ఒక కొక్కేనికి తగిలించండి. లోపలికి ఉతికిన చొక్కా ఒకటి వేరుగా పెట్టండి. చేతులు కడిగి, బ్లీచింగ్ నీళ్ల పట్టా తొక్కి లోపలికి పోండి. కూలివాళ్లకూ ఒక చొక్కా మనమే ఇస్తే వాళ్లు మొహమాటపడరు.

*కలరా ఉండలతో జాగ్రత్త*

చలి బట్టలు పెట్టెలో నుంచి తీస్తే గుప్పుమనే ఆ వాసన కలరా ఉండలది. తమిళంలో వాటిని అందురుండై అంటారు. అందు అంటే ధాన్యానికి, బట్టకు పట్టే చిన్న చిమ్మట. దాన్ని, దాని పిల్ల పురుగుల్ని చంపడానికే ఆ ఉండ. మన పట్టుపురుగు కూడా చిమ్మట జాతి పిల్లే. ఆ స్వెట్టర్‌తో ట్రేల మీదికి వంగితే ఆవిరి ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. పెట్టెలోంచి తీసిన బట్టలు ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా రెండు మూడు రోజులు ఎండలో వేయండి. దాచేటప్పుడు ఉండలు వేయకుండా, బాగా ఎండబెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెడితే చాలు. ఒంటికి పూసే దోమల మందుతో కూడా షెడ్డులోకి పోవద్దు.

ఈ రాత్రే పెట్టె తెరిచి ఒకసారి వాసన చూడండి. గడప బయట ఒక మేకు కొట్టండి. మీరూ వెచ్చగా ఉండాలి, పంటా గూటికి రావాలి.