ఎడమకాలి ఆట నేర్పిన మాస్టారు

బదిలీ మీద కొత్త ఊరికి వచ్చిన పిల్లలు తరగతిలో కుదురుకోవడానికి నెల పడుతుంది. ఆటస్థలంలో ఒక్క సాయంత్రం చాలు. హజీరాలో మన మైదానాన్నే చూడండి. గుజరాతీ, ఒడియా, మలయాళం, తెలుగు ఇళ్ళ పిల్లలు ఒకే బంతి వెనుక పరుగెడతారు. బంతి అందించేటప్పుడు ఎవరూ భాష వెతుక్కోరు. అందుకే ఈసారి తెలుగు పేజీల్లో ఆ అందించడం గురించి, దాన్ని శ్రద్ధగా నేర్పిన ఒక హైదరాబాదు బడిపంతులు గురించి చెప్పాలనుకున్నాం.

ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి జట్టులో ఆడారు. ఆ తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకూ భారత జట్టుకూ శిక్షకులుగా ఉన్నారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవారికి ఆయన పేరు తెలిసే ఉంటుంది. సినిమాలో ఆయన పడిన కష్టాలకు దక్కినంత చోటు పాఠం చెప్పిన తీరుకు దక్కలేదని మాకనిపించింది. మాకు కావలసింది ఆ తీరే.

రహీం కుర్రవాడిగా ఆడుతున్న రోజుల్లో, అంటే రెండు ప్రపంచయుద్ధాల నడుమ, ఫుట్‌బాల్‌లో చిన్న పాస్‌లకు పేరుమోసిన దేశం స్కాట్లాండ్. 1928 మార్చి 31న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఆ జట్టు ఇంగ్లండ్‌ను 5-1తో ఓడించింది. స్కాట్లాండ్ ముందువరుసలోని ఐదుగురిలో ఒక్కరు కూడా ఐదడుగుల ఏడంగుళాలు దాటలేదు. వానకు తడిసిన గడ్డి మీద బంతిని నేలబారుగా ఒకరికొకరు అందిస్తూ వెళ్ళారు. అలెక్స్ జాక్సన్ మూడు గోల్స్, అలెక్స్ జేమ్స్ రెండు గోల్స్ చేశారు. మరుసటి ఏడు ఆర్సెనల్ క్లబ్బులో చేరిన జేమ్స్, తాను గోల్స్ కొట్టడం తగ్గించి ఇతరులకు బంతి అందించే ఆటగాడిగా మారాడు. ఆయన ఉండగా ఆ క్లబ్బు నాలుగుసార్లు లీగ్ గెలిచింది. గోల్ కొట్టినవాడి పేరే మనం గుర్తుంచుకుంటాం కాబట్టి ఇది తేలికైన పని కాదు.

మన ఆటగాళ్ళలో చాలామందికి రెండు అలవాట్లుండేవి. బంతిని కాళ్ళ దగ్గరే ఉంచుకుని ఎదుటివాళ్ళను తప్పించుకుంటూ పోవడం ఒకటి, వాటమైన కాలితోనే తన్నడం రెండోది. బంతి ఎడమవైపు వస్తే దాన్ని ఆపి, ఒళ్ళు తిప్పి, కుడికాలికి తెచ్చుకునేసరికి ఎదుటివాడు మీదికి వచ్చేస్తాడు. దీనికి రహీం మాస్టారు ఉపన్యాసం ఇవ్వలేదు, పోటీలు పెట్టారు. ఒక పోటీలో వాటంలేని కాలితోనే ఆడాలి. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం, బంతి రాగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. అలా ఇవ్వాలంటే బంతి రాకముందే తోటివాడు ఎక్కడున్నాడో చూసి పెట్టుకోవాలి. ఉపాధ్యాయులుగా మాకు ఈ ఉపాయం ఎంతో నచ్చింది. తప్పు చేయవద్దని చెప్పే బదులు, ఆ తప్పుకు చోటులేని ఆట కల్పించారు.

సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టుకు 1951లో ఆసియా క్రీడల స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కింది.

సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆయన శిష్యుడే. శిక్షణకు రోజూ హైదరాబాద్ రావడానికి ఇంట్లో డబ్బు లేదు. సైకిల్ అద్దెకు మాస్టారే డబ్బులిచ్చేవారని బలరాం తర్వాత చెప్పుకున్నారు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్ళిన ఆయన ఆట మానేశాక కూడా బెంగాల్‌లోనే ఉండిపోయారు. 2023లో అక్కడే కన్నుమూశారు. ఆట కోసం ఊరు మారినవాళ్ళలో ఆయన ఒకరు.

1962 సెప్టెంబర్ 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. ఎదుట దక్షిణ కొరియా, చుట్టూ మనకు వ్యతిరేకంగా అరిచే జనం. జట్టులో బెంగాలీలున్నారు, పంజాబీలున్నారు, హైదరాబాదీలున్నారు. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరుసలో ఆడించారు. ఆయన ఒక గోల్, పి.కె. బెనర్జీ ఒక గోల్ చేశారు. భారత్ 2-1తో గెలిచింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్న మాస్టారు 1963 జూన్ 11న మరణించారు.

ఆయన పోటీని మన మైదానంలోనూ ఆడవచ్చు. ఇరువైపులా ఏడుగురు, పది నిమిషాలు, వాటంలేని కాలు మాత్రమే. పొరపాటున వాటమైన కాలు తగిలితే బంతి ఎదుటి జట్టుకు. పుట్టుకతోనే ఎడమకాలి వాటం ఉన్నవాళ్ళు కుడికాలితో ఆడాలి, మినహాయింపు అడగకూడదు.