వార్తల్లో పదం: టూల్ డిస్క్రిప్షన్

ఏఐ ఏజెంటుకు అప్పగించిన సాఫ్ట్‌వేర్ టూల్స్‌లో దేన్ని ఎప్పుడు, ఎలా వాడాలో చెప్పే రాత ఇది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ, ఏఐని బయటి టూల్స్‌తో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేశాక దీని ప్రాముఖ్యం బాగా పెరిగింది.

ఓ ఉదాహరణ చూద్దాం. ఒడిశాలోని గంజాం జిల్లా గోపాల్‌పూర్ దగ్గర 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది. అలాంటి రాత్రి గాలి వేగం చెప్పే టూల్ ‘100’ అని మాత్రమే ఇచ్చిందనుకోండి. అది నాట్స్‌లోనా, గంటకు కిలోమీటర్లలోనా? 100 నాట్స్ అంటే గంటకు 185 కిలోమీటర్లు! కొలమానం ఏదో డిస్క్రిప్షన్‌లో లేకపోతే ఏజెంటు ఊహించుకుంటుంది. బరంపురంలో ఇల్లు ఖాళీ చేయాల్సిన కుటుంబం ఆ ఊహను నమ్మి ఉండిపోవచ్చు. తేదీ రూపం, సమాచారం ఎన్ని గంటల నాటిది, టూల్‌ను ఎక్కడ వాడకూడదు అన్నవీ అంతే ముఖ్యం. టూల్స్ తయారుచేసేవారు కోడ్‌పై పెట్టే శ్రద్ధనే డిస్క్రిప్షన్‌లోని ఈ నాలుగు విషయాలపైనా పెట్టాలి.