ఓడల పొగపై విమాన నిఘా: ఉత్తర సముద్రంలో బెల్జియం ప్రయత్నం

రేవులో లంగరు వేసిన ఓడ ఇంధనాన్ని అధికారులు పరీక్షించగలరు. తీరం కనుమరుగైన తరువాత అది ఏ ట్యాంకులోని నూనెను మండిస్తున్నదో చూసేవారు ఉండరు. గంధకం తక్కువగా ఉన్న ఇంధనం ఖరీదైనది కనుక ఈ చాటు లాభసాటి కూడా.

మార్పోల్ ఒప్పందం ఆరవ అనుబంధం ప్రకారం 2015 జనవరి 1 నుంచి ఉత్తర సముద్రంలో ఓడల ఇంధనంలో గంధకం 0.10 శాతానికి మించరాదు. ఆ ఏడాదే బెల్జియం తన సముద్ర నిఘా విమానానికి పొగను పసిగట్టే పరికరాన్ని అమర్చింది. 1991 నుంచి చమురు తెట్టులను వెతుకుతున్న నిఘా కార్యక్రమానికి ఇది అదనపు బాధ్యత.

విమానం ఓడకు గాలివాలున తక్కువ ఎత్తులో ఎగురుతూ పొగచారను చీల్చుకొని పోతుంది. అక్కడ సల్ఫర్ డయాక్సైడ్‌ను మాత్రమే కొలిస్తే ఏమీ తేలదు. దూరం పెరిగేకొద్దీ పొగ పలచబడుతుంది. అందుకే కార్బన్ డయాక్సైడ్‌ను కూడా కొలుస్తారు. ఇంధనంలోని గంధకం, కార్బన్ దాదాపు పూర్తిగా ఈ రెండు వాయువులుగా మారతాయి. రెండూ ఒకే తీరున పలచబడతాయి. పాలలో ఎన్ని నీళ్లు కలిపినా వెన్నకూ తక్కిన ఘనపదార్థాలకూ మధ్య నిష్పత్తి మారనట్లే ఇక్కడా మారదు. పరిసర గాలిలో ముందే ఉన్న మోతాదును తీసివేయగా, కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు ఒక పాలు పెరిగినచోట సల్ఫర్ డయాక్సైడ్ వంద కోట్ల పాళ్లకు 0.43 పాళ్లు పెరిగితే, ఇంధనంలో గంధకం 0.10 శాతం ఉన్నట్లు లెక్క.

లెక్క సులభమే గాని కొలత అంత సులభం కాదు. సల్ఫర్ డయాక్సైడ్‌ను కొలిచే పరికరం పొగలోని నైట్రిక్ ఆక్సైడ్‌కూ కొంత స్పందిస్తుంది. దానిని సవరించకపోతే నియమం పాటించిన ఓడ కూడా అనుమానానికి గురవుతుంది. కనుక పరికరానికి ఉన్న దోషపరిమితిని మినహాయించిన తరువాతే అతిక్రమణను అనుమానించడం న్యాయం.

అనుమానిత ఓడ వివరాలు ఐరోపా రేవుల తనిఖీదారులకు అందుతాయి. తదుపరి రేవులో వారు ఓడనెక్కి ఇంధన నమూనాను, ఇంధనం మార్చిన సమయాల చిట్టాను పరిశీలిస్తారు. బెల్జియం జలాలగుండా సాగిపోయే ఓడలన్నీ అక్కడి రేవులలో ఆగవు. తదుపరి మజిలీ ఐరోపాకు వెలుపలైతే ఈ గొలుసు తెగిపోవచ్చు.

పొగను కడిగే స్క్రబ్బరు ఉన్న ఓడల సంగతి వేరు. అవి గంధకం ఎక్కువగా ఉన్న ఇంధనాన్ని చట్టబద్ధంగానే వాడవచ్చు కనుక ట్యాంకులోని నమూనా ఏమీ చెప్పదు. వాటి పొగకు నిబంధనలు విధించిన ప్రమాణం కూడా పైన చెప్పిన నిష్పత్తే. నడిసముద్రంలో స్క్రబ్బరు నిజంగా పనిచేస్తున్నదా అన్న ప్రశ్నకు ఓడలోని చిట్టా కాక, బయటినుంచి దొరికే జవాబు ఆ పొగను కొలవడంలోనే ఉంది.