వార్తల్లో పదం: నెస్టెడ్ డేటా

జిల్లాలో మండలం, మండలంలో ఊరు. ఇలా ఒకదాని లోపల ఒకటిగా అమర్చిన సమాచారమే నెస్టెడ్ డేటా. ఉదాహరణకు, 2022 ఏప్రిల్ 4న మదనపల్లె ప్రాంతం చిత్తూరు నుంచి అన్నమయ్య జిల్లాకు మారింది. బి.కొత్తకోట మండలంతోపాటు అందులోని హార్స్లీ హిల్స్ కూడా అటే వెళ్లింది. పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే ఉండిపోయాయి.

పాత రికార్డు చెడకుండా ఈ మార్పును ప్రోగ్రాములో రాయాలంటే పైనుంచి కిందిదాకా అంచెలంచెలుగా కాపీ చేసుకోవాలి. ఒక్క అంచె మరిచినా తప్పే. జావాస్క్రిప్ట్‌లో ‘ఇమ్మర్’ లైబ్రరీ ఈ బెడద తప్పిస్తుంది. చిత్తుప్రతిలో మండలాన్ని తీసి కొత్త జిల్లా కింద పెడితే చాలు, మారిన అంచెలకే కొత్త ప్రతులు తయారవుతాయి. కదలని కుప్పం వివరాలను పాత, కొత్త రికార్డులు రెండూ పంచుకుంటాయి. పాతది చెక్కుచెదరదు, నాకు అదే దీని అసలు గొప్పతనంగా తోస్తుంది. పాత దస్తావేజులు వెతికేవారికి నిన్నటి జిల్లా కూడా కావాలి.