యంత్రముల నడుమ దేవతలు

ప్రాచీన శిల్పములను భద్రపఱచు చోటు అనగానే మనకు రాజభవనమో, స్తంభములతో నొప్పు మందిరమో తలపునకు వచ్చును. ఇనుప గొట్టములును, నూనెతో నల్లబడిన యంత్రములును గల కర్మాగార మెన్నడును తోపదు. అయినను ఇటలీ దేశపు రాజధాని యగు రోము నగరమున అట్టి ప్రదర్శనశాల యొకటి కలదు. దాని పేరు సెంట్రాలె మోంతెమార్తీని.

ఇది మొదట విద్యుచ్ఛక్తి నుత్పత్తి చేయు కేంద్రము. 1912వ సంవత్సరమున రోము పురపాలక సంఘమువారు టైబరు నదికి చేరువను దీనిని నెలకొల్పిరి. ప్రజలకు వలసిన సౌకర్యములను నగరసంఘమే సమకూర్పవలెనని వాదించి, 1913లో దివంగతుడైన జొవాన్ని మోంతెమార్తీని అను అర్థశాస్త్రజ్ఞుని పేర ఇది వెలసినది. బొగ్గుతో నీటిని కాచి, ఆ యావిరిచే చక్రములను త్రిప్పి, విద్యుత్తును పుట్టించుచుండిరి. 1933లో ఒక్కొక్కటి 7,500 అశ్వబలము గల డీసెలు యంత్రములు రెండు చేర్చబడెను. 1963లో పని నిలిచిపోగా, భవనము చాలకాలము నిశ్శబ్దముగ నుండెను.

నగరమధ్యమునందలి కాపిటొలైను కొండమీది ప్రదర్శనశాలను బాగుచేయవలసి వచ్చినపుడు, అందలి విగ్రహములకు తాత్కాలికముగ నొక నీడ కావలసెను. అంతట 1997లో వానిని ఈ కేంద్రమునకు తెచ్చి, ‘యంత్రములును దేవతలును’ అను పేర ప్రదర్శించిరి. కొంతకాలమున కని తెచ్చిన యేర్పాటు పిదప స్థిరపడిపోయినది.

స్తంభశాల యను గదిలో బార్బెరీని పేర ప్రసిద్ధమైన విగ్రహ మొకటి కలదు. ఉత్తరీయము ధరించిన రోము పౌరుడొకడు తన పూర్వుల శిరఃప్రతిమలను రెంటిని చేతులతో పట్టుకొని నిలిచియుండును. కులగౌరవమును ఆ కాలమువారు ఎట్లు భావించిరో ఆ యొక్క రాయియే తెలుపును. యంత్రశాలలో డీసెలు యంత్రముల ప్రక్కను అదృష్టదేవత యొక్క బ్రహ్మాండమైన శిరస్సును, బాహువును, పాదములును చూడనగును. ఇవి క్రీ. పూ. 101లో ఒక యుద్ధమున మ్రొక్కుకొనబడిన ఆలయమునందలివి. తక్కిన దేహము లోహమయమై యుండెనని పండితులు చెప్పుదురు. ఆ శాలయందే అపాలో దేవాలయపు ముఖభాగమునుండి లభించిన శిల్పములును గలవు. అవి క్రీ. పూ. 5వ శతాబ్దమున గ్రీకులు చెక్కినవి. గ్రీకువీరులకును వీరవనితలగు అమెజానులకును జరిగిన పోరు వానియందు రూపొందినది. బాయిలరు గదిలో పదునైదు మీటరులకు మించిన యెత్తుగల బాయిలరు నేటికిని నిలిచియున్నది. దాని చెంతనే ధనికుల తోటల నలంకరించిన బొమ్మలును, వేటదృశ్యములతో కూర్చిన నేలపలకలును ఉన్నవి.

నల్లని యినుము వెనుక నిలిచిన చలువరాయి మఱింత తెల్లగ కన్పట్టును. కాని యీ కూర్పునకు గల ఔచిత్యము కంటికింపు మాత్రమే కాదు. 1871లో రోము ఇటలీకి రాజధాని యైన పిమ్మట క్రొత్త వీథులకును, ఇండ్లకును పునాదులు త్రవ్వుచుండగా ఈ శిల్పములలో ననేకములు బయల్పడినవి. ఆ పెరిగిన నగరమునకే ఈ విద్యుత్కేంద్రము దీపములు వెలిగించినది. అనగా ఒకే పెరుగుదల పాతదానిని వెలికి తీసినది, క్రొత్తదానిని నిర్మించినది.

పనికిరానిదని తలచిన దానిని పాడుచేయుట సులభము. మధ్యయుగమున రోమునందు ఎన్నియో చలువరాతి బొమ్మలు సున్నపు బట్టీలలో కాలిపోయినవి. మన అమరావతి స్తూపపు రాళ్లలోను కొన్ని క్రొత్త కట్టడములకై తరలిపోగా, కొన్ని సున్నమైనవి. వాని నట్లు చేసినవారు దుర్మార్గులు కారు. తమ కాలమునకు వాని యక్కఱ లేదని తలచిరి, అంతియే.

ఈ రోమువారు మాత్రము పని ముగిసిన యంత్రమును పాత ఇనుముగ నమ్మివేయక, దేవతావిగ్రహములతో సమానముగ నిలిపిరి. రెండును మానవుని చేతిపనియే కదా! సోదర విద్యార్థులారా, మన యూరి పాడుబడిన రాతిని గాని, మూతపడిన మిల్లును గాని చూచినపుడు, దానిని చేసిన చేతులను ఒకమాఱు తలచుకొందము. కాపాడుటకు మొదటి మెట్టు అదియే.