ముహాసబా: లోపలి లెక్క

రంజాన్ రాగానే మనం బంగారం, రొక్కం, సరుకు లెక్కగట్టి నలభయ్యో వంతు జకాత్‌గా తీస్తాం. రూపాయి తేడా వచ్చినా మళ్లీ కూడుకుంటాం. మరి ఇచ్చే మనిషి లెక్క?

దీనికి ఇస్లాంలో ముహాసబా అని పేరు. క్రీ.శ. 857లో బాగ్దాద్‌లో కన్నుమూసిన హారిస్‌కు ‘ముహాసిబీ’ అన్న పేరు ఈ అలవాటు వల్లే వచ్చిందంటారు. ఇమాం గజాలీ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో దీనికి ఒక భాగమే కేటాయించారు. వ్యాపారి భాగస్వామితో ఉన్నట్టు మన నఫ్స్‌తో ఉండాలంటారాయన: పొద్దున షరతు, పగలంతా కనిపెట్టి ఉండడం, రాత్రి లెక్క. దుకాణం నడిపేవారికి దీన్ని వేరే విప్పి చెప్పక్కర్లేదు.

ఇషా తర్వాత అయిదు నిమిషాలు చాలు. ఈ రోజు ఇచ్చింది అల్లాహ్ కోసమా, నలుగురి కోసమా? పుచ్చుకున్నవారి ముఖం చిన్నబోయిందా? ఇంట్లో ఎవరిమీదైనా విసుక్కున్నామా?

ఆ విసుగుకు కారణం చాలాసార్లు అలసటే. సేవాపనుల్లో తిరిగేవారిలో మేము దీన్ని తరచూ చూస్తున్నాం. తిండికి వేళ ఉండదు, షుగర్ మాత్ర మరిచిపోతారు, పైగా అదే త్యాగమనుకుంటారు. హజ్రత్ అబూ దర్దా (రజి) పగలు ఉపవాసాలతో, రాత్రుళ్లు నమాజులతో గడిపేవారు. ఇంటికొచ్చిన హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) పట్టుబట్టి ఆయనచేత భోజనం చేయించారు, పడుకోమన్నారు, చివరి జామున లేపి కలిసి నమాజు చేశారు. ప్రభువు హక్కుతోపాటు ప్రాణం హక్కు, ఇంటివారి హక్కు కూడా తీర్చాలని చెప్పారు. దైవప్రవక్త (స) సల్మాన్ చెప్పిందే నిజమన్నారు. సహీహ్ బుఖారీలో ఉన్న సంగతి ఇది.

కాబట్టి రాత్రి లెక్కలో మాత్ర వేసుకున్నామా అన్నదీ ఒక పద్దే.