కలకత్తాలో కడరా భోజనం

పిల్లలూ, యేసుక్రీస్తు తన పన్నెండుమంది శిష్యులతో చేసిన చివరి భోజనం బొమ్మ మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఇటలీలో లియొనార్డో డావిన్సీ గోడమీద వేసినది అన్నిటిలోకీ ప్రసిద్ధం. అదే కథతో మన దేశంలో వేసిన పాత తైలవర్ణ చిత్రం ఒకటుంది. అది కలకత్తాలోని సెయింట్ జాన్స్ చర్చిలో ఉంది.

వేసినవాడు యోహాన్ జోఫనీ. 1733లో జర్మనీలో పుట్టి, ఇంగ్లండు రాజకుటుంబానికి చిత్రాలు వేసి, 1783లో ఇండియా వచ్చాడు. 1787లో ఆ చర్చి ప్రారంభమైనప్పుడు ఈ చిత్రాన్ని కానుకగా ఇచ్చాడు.

కథ మీకు తెలిసిందే. "మీలో ఒకడు నన్ను పట్టిస్తాడు" అంటాడు యేసు. అతడే యూదా. 30 వెండి నాణేలకు గురువును అమ్ముకున్నవాడు.

జోఫనీ ఈ పాత్రలకు ముఖాలను ఊళ్ళోనే వెతుక్కున్నాడు. పార్థెనియో అనే గ్రీకు మతగురువు యేసు అయ్యాడు. బ్లాక్వియర్ అనే మేజిస్ట్రేటు యోహాను అయ్యాడు. వేలంపాటల వ్యాపారి టల్లో ముఖం యూదాకు వెళ్ళింది! ఆయనకు చాలా కోపం వచ్చిందని చెప్పుకుంటారు. రాదా మరి? నాటకంలో దుర్యోధనుడి వేషం వేసినవాడు రంగు కడుక్కుని ఇంటికి పోతాడు. బొమ్మలో పడ్డవాడికి ఆ వీలులేదు. అందులోనూ ఆదివారం ఊరి పెద్దలంతా వచ్చే చర్చిలో! చిత్రకారుడు ఎంత గొప్పవాడైనా నాకది న్యాయం అనిపించదు.

సామాను కూడా మన దేశానిదే. గోడకు వేలాడే కత్తి ఇక్కడి బంట్రోతులు పట్టే తల్వారు. నీళ్ళపాత్ర ఆకారం తాంబూలం ఉమ్మే తమ్మపడిగది. దాని దగ్గరే భిస్తీలు నీళ్ళు మోసే తోలుతిత్తి. యెరూషలేములో ఇవెక్కడివని ఆ రోజుల్లోనే కొందరు వెక్కిరించారు. రవివర్మ మన దేవతలకు తను చూసిన చీరలే కట్టాడు కదా, ఇదీ అలాంటిదే అనుకుంటే సరిపోతుంది. తమ్మపడిగ మాత్రం కాస్త ఎక్కువే!

కలకత్తా తేమకు చిత్రం బాగా పాడైతే 2010లో ఇన్‌టాక్ సంస్థ, గోథే ఇన్‌స్టిట్యూట్ సహకారంతో బాగుచేయించింది. ఎప్పుడైనా సెలవులకు అటు వెళితే, ముఖాలు చూశాక ఆ తోలుతిత్తి ఎక్కడుందో వెతకండి.